ఎర్ర చుక్క చెదిరిన పెట్టె

పోయిన వారం భాగం చివర చెవులమ్మను హాల్లో నేలమీద మోకాళ్లపై కూర్చోబెట్టి, చేతిలో స్క్రూడ్రైవరు పెట్టి, మన దారిన మనం వెళ్లిపోయాం. వారం రోజులు ఒక మనిషిని అలా ఉంచడం అన్యాయమే. కానీ ఆమె కదలకపోవడానికి కారణం మనం కాదు, ఎడమవైపు స్పీకరు పెట్టె వెనకున్న ఒక స్క్రూ. ఆ స్క్రూ తల మీద ఉండాల్సిన ఎర్రరంగు చుక్క నడిమికి చెదిరి ఉంది.

చుక్క చెదిరితే ఏం కొంప మునిగిందని అడిగేవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. చెవులమ్మ పనిచేసేది స్పీకర్లు తయారుచేసే కంపెనీలో. అక్కడ పెట్టెకి చివరి స్క్రూ బిగించాక దాని తల మీద ఒక ఎర్ర చుక్క పెడతారు. తర్వాత ఎవరైనా విప్పితే చుక్క పగిలి గుట్టు బయటపడుతుంది. చుక్కలు పెట్టడం ఆమె పని కాదు. ఆమె పని వినడం. వినే గదిలో తెర కట్టి, తెర వెనక రెండు మూడు జతలు పెట్టి, ఏది ఏదో చెప్పకుండా వాయిస్తారు. మనిషి గొంతును మనిషి గొంతులా పలికిస్తున్నది ఏదో ఆమె విని చెబుతుంది. అంతకంటే ముందు మీటరు పెట్టి అన్నిటి మోతా సమానం చేయిస్తుంది. ఒక పిసరు గట్టిగా మోగేది ఎప్పుడూ మిగతావాటికంటే బాగున్నట్టే అనిపిస్తుందనీ, చెవి అంత తేలిగ్గా మోసపోయేది ఒంట్లో ఇంకొకటి లేదనీ ఆమె సిద్ధాంతం. చెవులమ్మ అన్న పేరు కంపెనీలో పుట్టింది. తర్వాత వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వచ్చి అసలు పేరును బయటికి నెట్టేసింది.

నెల కిందట కంపెనీ ఆమెకు పెద్ద కుర్చీ ఇచ్చింది. ఇకమీదట ఏ కొత్త మోడలైనా ఆమె విని సంతకం పెట్టాకే గేటు దాటాలి. ఆ కుర్చీలో మొదటి సంతకం రేపే, సోమవారం పొద్దున్న. ఆ మోడల్‌ను అమ్మకానికి ముందే కొన్ని షాపులకి వినిపించడానికి పంపారు. ఆమె భర్తకి మేనమామ కొడుకైన బావ షాపుకూ ఒక జత వెళ్లింది. ఇంట్లోకి స్పీకర్లు కావాలని ఆ షాపుకెళ్లిన చెవులమ్మ పద్ధతి ప్రకారం తెర కట్టించి, మోత సమానం చేయించి, మూడు జతలు విని ఒకటి ఎంచింది. తెర తీస్తే అది తమ కంపెనీ కొత్త మోడలే! ఆ రోజు ఆమె ముఖం చూసి తీరాలి.

అలాంటి జత ఇంటికొచ్చిన కొన్నాళ్లకే గొంతు మార్చింది. ఎవరో దుప్పటి కప్పి వాయిస్తున్నట్టు మసకగా పలకడం మొదలుపెట్టింది. కంపెనీలో అదే మోడల్ తళతళలాడుతోంది. పోయిన భాగమంతా ఆమె కరెంటును అనుమానించింది, తీగలను అనుమానించింది, గోడకి మరీ దగ్గరగా ఉన్నాయేమోనని పెట్టెలను జానెడు జానెడు ముందుకు జరిపింది, చివరికి కిటికీ కర్టెన్లు కూడా విప్పించింది. ఇప్పుడు ఈ స్క్రూ కనిపించేసరికి వస్తువుల మీద ఉన్న అనుమానమంతా ఒక్కసారిగా మనుషుల మీదికి మళ్లింది.

"ఏమండీ," అని పిలిచింది. గొంతు పెంచలేదు. అదే ప్రమాదమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

భర్త వంటింటి గుమ్మంలోకి టీ కప్పుతో వచ్చాడు. ఆయనకి కళ్లజోళ్ల షాపు ఉంది. ఎదుటివాళ్ల కళ్లల్లోకి గంటలకొద్దీ చూడగల మనిషి. అలాంటివాడు పెట్టెను చూసి, స్క్రూడ్రైవరును చూసి, ఆ తర్వాత చూపు తీసుకెళ్లి టీ కప్పులో పెట్టాడు.

"ఈ పెట్టె ఎవరు విప్పారు?"

"ఏ పెట్టె?"

"ఇంట్లో ఎన్ని పెట్టెలున్నాయండీ?"

"రెండున్నాయి కదా," అన్నాడాయన.

మాట పూర్తి కాకుండానే అది అనకూడని మాటని ఆయనకే తెలిసిపోయింది. చెవులమ్మ మోకాళ్ల మీదే కుడివైపు పెట్టె దగ్గరికి జరిగి దాన్నీ తిప్పి చూసింది. అక్కడా ఒక చుక్క చెదిరి ఉంది.

"రెండూ విప్పారన్నమాట. పద్ధతైన దొంగలే."

కిటికీ పక్క కుర్చీలో పేపరు చదువుతున్న అత్తగారు పేపరు కిందికి దించలేదు. పేజీ మాత్రం చాలాసేపటి నుంచి తిరగడం లేదు. కూతురు చిట్టి గదిలోంచి తల బయటపెట్టి, సంగతి గ్రహించి, తల మళ్లీ లోపలికి లాక్కోబోయింది. పదోక్లాసు చదువుతున్న పిల్ల, పాఠాలకంటే అమ్మ ముఖం చదవడంలోనే చురుకు.

"చిట్టీ, అక్కడే ఉండు. ఏమండీ, మీ బావగారికి ఫోన్ చెయ్యండి. రమ్మనండి చాలు. ఎందుకో చెప్పకండి."

భర్త ఆమె ఎదుటే ఫోన్ చేసి, "ఒకసారి ఇంటికి రా బావా," అని పెట్టేశాడు. షాపు వీధి చివరే. బావ చెప్పుల్లో కాళ్లు సరిగ్గా దూర్చకుండానే వచ్చేశాడు. చేతిలో పనిముట్ల సంచి ఉంది.

చెవులమ్మ ఆ సంచిని చూసింది. "అన్నయ్యా, రమ్మన్నది ఎందుకో నీకెవరూ చెప్పలేదు. సంచి ఎందుకు తెచ్చావు?"

"అలవాటు చెల్లెమ్మా. ఎక్కడికెళ్లినా చేతిలో ఉంటుంది."

"మొన్న చిట్టి పుట్టినరోజుకి ఉత్త చేతులతో వచ్చావే?"

బావ సాయం కోసం భర్త వైపు చూశాడు, భర్త ఇంకా టీ కప్పులోనే ఉన్నాడు. వీళ్లిద్దరూ చిన్నప్పుడు కలిసి చేసిన అల్లరి పనులు ఎన్నో ఉన్నాయనీ, ఒక్కటీ సవ్యంగా దాచలేకపోయారనీ అత్తగారు తరచు చెబుతుంటుంది. వయసొచ్చినా విద్యలో ఎదుగుదల లేదు.

చెవులమ్మ ఇక ఎవరినీ అడగలేదు. చకచకా స్క్రూలు విప్పి, పెట్టె వెనక పలక ఊడదీసి, లోపలికి చెయ్యి పెట్టి తీగలు బయటికి లాగింది. స్పీకరు పెట్టెలో కింద ఉండే పెద్దది డప్పుల మోతా మగగొంతులూ చూసుకుంటుంది. పైన ఉండే చిన్నది గజ్జెలూ తాళాలూ పలికిస్తుంది, మాటల్లోని సన్నని అంచులు కూడా దాని పనే. ఆ చిన్నదానికి వెళ్లే తీగను మధ్యలో తెంపి, అక్కడ ఒక రెసిస్టర్ అతికించి ఉంది. కుళాయిని సగానికి కట్టేసినట్టు. శబ్దంలోని వెలుగంతా ఆ బియ్యపుగింజంత ముక్క దగ్గర ఆగిపోతోంది.

"ఇది కంపెనీ పని కాదు. ఈ సోల్డరింగు చేత్తో చేసింది. ఇంత ముద్దగా చేసేది ఈ వీధిలో ఒక్కళ్లే."

"ముద్దగానా?" అన్నాడు బావ, నొచ్చుకుని. "చిన్న తీగలు కదమ్మా, నిలవాలని కాస్త ఎక్కువ పెట్టాను." అని ఆగిపోయాడు.

అత్తగారు పేపరు మడిచింది. "చిన్నప్పట్నుంచీ అంతేరా నువ్వు. ఎవరూ అడగకుండానే ఒప్పేసుకుంటావు."

చెవులమ్మ లేచి నిలబడింది. మోకాళ్లు నొప్పెట్టాయి, ఆ నొప్పి కూడా వీళ్ల ఖాతాలోనే వేసుకుంది. "ఎవరు చేయించారు? ఏ కంపెనీవాళ్లు? రేపు సంతకం నేను పెట్టకూడదని, మా మోడల్ మీద నాకే నమ్మకం పోవాలని ఎవరు ఎక్కించారు నీకు? నువ్వు నాకు అన్నయ్యవి. నీ కొట్లో కూర్చునే ఈ పెట్టె ఎంచాను నేను."

"ఏ కంపెనీ కాదు," అన్నాడు భర్త. కప్పు కింద పెట్టాడు. "నేనే చేయించాను."

ఆమె ఎదురుచూసిన జవాబుల్లో అది లేదు. బావని అనుమానించడానికి ఆమె తయారుగా ఉంది, బయటివాళ్లని అనుమానించడానికి ఎప్పుడూ తయారే. భర్త మీద అనుమానం పెట్టుకునే చోటు మాత్రం మనసులో ఖాళీ లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని కోపంగా మార్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది.

"ఎందుకు?"

చివరికి అత్తగారే నోరు విప్పింది. "చెవులు చిల్లులు పడుతుంటే ఏం చెయ్యమంటావే అమ్మాయ్! ఆ పెట్టెలు పెట్టిన రోజు నుంచీ నీ హాల్లో కూర్చోలేకపోయాను. వార్తలు చదివే పిల్ల నోరు తెరిస్తే చాలు, సూది పెట్టి పొడిచినట్టు ఉండేది."

"నాకు చెవిలో కుయ్యిమంటూనే ఉండేదమ్మా," అంది చిట్టి గుమ్మంలోంచి. "రాత్రి పడుకున్నా పోయేది కాదు. చదువుకునేటప్పుడు దూది పెట్టుకునేదాన్ని."

"పరీక్షల భయమన్నావుగా?"

"నేనన్లేదు. నువ్వన్నావు."

"ఇప్పుడు ఎలా ఉంది?" చెవులమ్మ గొంతు అక్కడ మాత్రం తల్లి గొంతే.

"మామయ్య అది పెట్టాక తగ్గిపోయింది."

"మరి ఇంతమందిలో ఒక్కళ్లు నాతో చెప్పలేకపోయారా? ఈ పనిలో తలపండినదాన్ని ఇంట్లో పెట్టుకుని!"

"అందుకే చెప్పలేదు," అంది అత్తగారు. "ఈ ఇంట్లో చెవులంటే నీవేనాయె. మావి దుద్దులు పెట్టుకోడానికి ఉన్నాయి."

చిట్టికి నవ్వొచ్చింది, తల్లి ముఖం చూసి మింగేసింది. చెవులమ్మకు నవ్వు రాలేదు. ఆమె ఒక్కొక్కళ్లనీ చూసుకుంటూ వచ్చింది. అందరి మాటా ఒకదానికొకటి అతికినట్టు కుదిరింది. అలా కుదిరిన మాటలంటేనే ఆమెకి పడదు. నిజం చెప్పేవాళ్లు ఎక్కడో ఒకచోట తడబడతారు, కూడబలుక్కున్నవాళ్లే ఇలా వరసగా అప్పజెబుతారు.

"సరే. అన్నయ్యా, ఆ ముక్క తీసెయ్. ఒక్క పెట్టె చాలు. నా ఎదురుగానే తియ్యి."

బావ సంచి విప్పాడు. ముక్క ఊడబెరికి, తీగ తిరిగి అతికించి, పలక బిగించాడు. చెవులమ్మ తన మీటరును సోఫా ముందున్న బల్ల మీద నిలబెట్టి, ఎప్పుడూ వాడే పాఠం పెట్టింది. ఒక ఆడమనిషి నిదానంగా చదివిన కథ అది. స్పీకరు మంచిచెడ్డలు పాటలో దాక్కోగలవు, మనిషి మాటలో దాక్కోలేవని ఆమె కొనేవాళ్లందరికీ చెబుతుంది. పాఠం మొదలైంది. దుప్పటి తీసేసినట్టయింది. చదువుతున్న ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే ఉంది. "అదీ!" అంది చెవులమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం విప్పారింది.

తిరిగి చూస్తే అత్తగారు రెండు అరచేతులూ చెవులకి అదుముకుని ఉంది. చిట్టి వేళ్లు పెట్టుకుంది. బావ పులుపు తిన్నవాడిలా కళ్లు చికిలించాడు. భర్త ఒక్కడే చేతులు ఎత్తలేదు, ఎత్తకుండా ఓర్చుకుంటున్నాడని దవడలు చెబుతున్నాయి.

"మీటరు చూడండి," అంది ఆమె, పాఠం ఆపి. "అరవై అయిదు. ఇద్దరు మనుషులు కూర్చుని కబుర్లు చెప్పుకునే మోత. డెబ్బై దాటితే నేనే తగ్గించేస్తానని మీకు తెలుసు. చెవులు జాగ్రత్త, పోతే తిరిగి రావని ఈ ఇంట్లో పోరేది నేను. ఈ మాత్రానికి చెవులు మూసుకుంటారా? నాటకం!"

"మోత కాదమ్మా, కీచు," అంది చిట్టి.

"ఏ కీచు?"

ఆ ప్రశ్నకి నలుగురూ ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. చెవులమ్మకు అది అన్నిటికంటే పెద్ద నేరంగా కనిపించింది.

"అలా సైగలు చేసుకుంటే తేలదు. నేను తేలుస్తాను. నలుగురూ సోఫాలో గోడవైపు తిరిగి కూర్చోండి. కళ్లు మూసుకోండి. వినిపించినప్పుడు చెయ్యెత్తండి, ఆగగానే దించండి. ఒకళ్లనొకళ్లు గోకడాలు, దగ్గడాలు కనిపించాయంటే ఊరుకోను."

"నా నడుము..." అంది అత్తగారు.

"మీరు కుర్చీలోనే తిరగండి అత్తయ్యా."

నలుగురి వీపులూ తనవైపు ఉండగా ఆమె ఫోన్‌లోంచి కంపెనీలో వాడే స్వరాలు తీసింది. వేలు ఆనిస్తే ఒకే స్వరం మోగుతుంది, తీస్తే ఆగుతుంది. ముందు గుమ్మటంలో గాలిలాంటి లోతు స్వరం పెట్టింది. నాలుగు చేతులు లేచాయి. ఆమెకీ వినిపించింది. కాస్త పైది పెట్టింది. చేతులు లేచాయి, ఆమెకీ వినిపించింది. ఇంకా పైది, ఈల లాంటిది. అదీ అంతే. ఆమెకి ధైర్యం పెరిగింది. ఇంకో మెట్టు పైకి వెళ్లి వేలు ఆనించింది.

ఏమీ మోగలేదు. ఫోన్ మొరాయించిందనుకుంది. కానీ ఎదురుగా నాలుగు చేతులు గాల్లో ఉన్నాయి.

వేలు తీసింది. నాలుగూ దిగాయి. ఆనించింది, లేచాయి. ఆనించినట్టు నటించి ఆనించలేదు, ఒక్క చెయ్యీ కదల్లేదు. ఊపిరి బిగబట్టి రెండుసార్లు టకటకా ఆనించి తీసింది. అరవై నాలుగేళ్ల అత్తగారితో సహా అందరి చేతులూ టకటకా లేచి దిగాయి. వాళ్లు ఆమె వేలు చూడటం లేదు. గోడమీద అద్దం లేదు. కిటికీ వాళ్లు చూసేవైపు లేదు. ఆమె అన్నీ వెతికింది. కుట్ర ఎక్కడో ఒకచోట దొరికితే బాగుండుననుకుంది.

చివరికి కళ్లు మీటరు మీద పడ్డాయి. వేలు ఆనిస్తే అంకె ఎగురుతోంది, తీస్తే పడిపోతోంది. ఆ మీటరును ఆమె తన చేత్తో సరిచేసుకుంటుంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు. దానికి ఎవరూ ఉప్పందించలేరు. గదిలో ఒక శబ్దం నిండి ఉంది. అది అందరికీ ఉంది, ఆమెకి లేదు.

ఆమెకు భయమేసింది. చిన్నప్పుడు గుంపులో తప్పిపోయినప్పుడు వేసిన భయం లాంటిది, మళ్లీ ఇన్నాళ్లకి.

ఆ భయంలోనే మిగతాదంతా అర్థమైంది. ఆ కొత్త పెట్టెలో సన్నని శబ్దాలను కంపెనీ కావాలనే ఎత్తి పెట్టింది, షాపులో అయిదు నిమిషాలు విన్నవాడికి తళతళ కనిపించాలని. ఆ ఎత్తు సరిగ్గా ఆమె చెవికి వినికిడి తగ్గి గుంట పడిన చోటే ఉంది. అందరికీ సూదిలా గుచ్చుకునేది ఆమెకు గుంట పూడ్చినట్టు హాయిగా ఉంది. తెర కట్టింది, మోత సమానం చేసింది, పేర్లు దాచింది, అన్నీ సవ్యంగానే చేసింది. విన్న చెవి మంచిదేనా అని మాత్రం ఎవరూ అడగలేదు. కంపెనీలో ఏటా అందరి చెవులూ పరీక్ష చేస్తారు. ఆమె వంతు వచ్చేసరికి నర్సు నవ్వి, "మీకెందుకండీ!" అనేది. ఆమె కూడా నవ్వి వెళ్లిపోయేది.

"అమ్మా, అయిపోయిందా?" అంది చిట్టి గోడవైపే చూస్తూ. "చెయ్యి నొప్పెడుతోంది."

ఆమె వేలు ఇంకా ఫోన్ మీదే ఉంది. ఉలిక్కిపడి తీసేసింది. "తిరగండి," అంది.

నలుగురూ తిరిగారు. ఎవరూ గెలిచినట్టు చూడలేదు. అదే ఆమెకి కష్టంగా తోచింది, ఎవరైనా ఎద్దేవా చేస్తే పోట్లాడుకునేది. భర్త వచ్చి పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నీకు చెప్పాలనే అనుకున్నాను. ఎలా చెప్పాలో తెలీలేదు. ఎవరికైనా కళ్లు కనపడట్లేదని రోజూ చెప్తాను, జంకు లేదు. అద్దాలిచ్చి పంపిస్తాను. నీకేమివ్వను?"

అప్పుడు ఏడ్చింది చెవులమ్మ. చప్పుడు చెయ్యకుండా కాదు, వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు లేచి వచ్చి నెత్తి మీద చెయ్యి వేసింది. "ఏడవకే పిచ్చిపిల్లా. చెవి డాక్టరు లేడా ఏంటి? రేపే వెళ్దాం. ఉన్నదాన్నైనా కాపాడుకుంటావు."

"రేపు కాదు అత్తయ్యా, ఎల్లుండి." ముఖం తుడుచుకుంది. ఏడుపు అయ్యాక ఆమెకి ఎప్పుడూ బుర్ర చురుగ్గా పనిచేస్తుంది. "రేపు పొద్దున్నే మేనేజరు గారికి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నాకు వినపడట్లేదు, ఈ పెట్టె గేటు దాటకూడదు అంటాను. ఎన్ని ఇళ్లలో ఎంతమంది పిల్లలు చెవుల్లో దూది పెట్టుకోవాలి? కుర్చీ పోతే పోయింది. ఆయన మంచివాడు, అర్థం చేసుకుంటాడు."

మాట అయ్యేసరికి భర్తా బావా మళ్లీ చూపులు కలుపుకున్నారు. ఈసారి చెవులమ్మ ఆ చూపుని వదల్లేదు.

"ఇంకా ఏం దాచారు?"

"నువ్వు చెప్పు," అన్నాడు బావ.

"నువ్వే ముందు చెప్పు," అన్నాడు భర్త.

బావ సంచి మూతి బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు. "ఈ జత నా కొట్టుకి వచ్చిన కొత్తల్లో కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురు కీచుమంటోందన్నారమ్మా. మీ కంపెనీకి ఫోన్ చేశాను. మేనేజరే మాట్లాడాడు. మనం చుట్టాలమని ఆయనకి తెలీదు. 'షాపులో మెరిస్తే చాలండీ, మిగతాది మా చెవులమ్మ చూసుకుంటుంది' అని నవ్వాడు. నాకప్పుడు అర్థం కాలేదు."

"దానికేముంది? నా మీద నమ్మకంతో అన్నాడు."

"మేమూ అలాగే అనుకున్నాం," అన్నాడు భర్త. "కానీ ఆయన అంతకుముందు నా షాపుకొచ్చాడు. నీకు కుర్చీ ఇవ్వకముందు."

"కళ్లజోడు కోసమేగా. మీరు చెప్పారు."

"కళ్లజోడు కోసమే. కళ్లు చూసే మిషను మీద గడ్డం పెట్టి కూర్చున్నాడు. మాటల్లో నీ సంగతి ఎత్తాడు. 'బట్టలుతికే మిషను పనయిపోతే కీచుమని పిలుస్తుంది కదండీ, అది మీ ఆవిడకి వినపడుతుందా?' అని అడిగాడు. నేనేదో సరదాకి అడిగాడనుకుని, 'అది వినపడితే బట్టలు నేనెందుకు ఆరేస్తానండీ, తప్పించుకోడానికి వినపడనట్టు నటిస్తుంది,' అన్నాను. బావలా నేను కూడా అడిగినదానికి మించి ఒప్పేసుకుని..." భర్త చూపు మళ్లీ టీ కప్పు మీదికి పోయింది. "ఆయన నవ్వలేదు. గడ్డం మిషను మీదే ఉంచి, 'ఎన్నాళ్లుగా?' అని అడిగాడు. వారం తిరక్కుండా నీకు కుర్చీ వచ్చింది."

గది నిశ్శబ్దమైపోయింది. ఈసారి నిశ్శబ్దం అందరికీ ఒకటే.

"అదేమిట్రా," అంది అత్తగారు మెల్లగా. "వినపడట్లేదని తెలిస్తే ఉన్న పని తీసేస్తారు గానీ, పెద్దపని ఇస్తారా?"

జవాబు చెవులమ్మకి అందరికంటే ముందు తట్టింది. అభినందనల రోజు మేనేజరు అందరి ముందూ ఆమె చేతులు రెండూ పట్టుకుని, ఈ చెవులకి సాటి లేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి నడిచి కాదు, తేలుతూ వచ్చింది. ఇప్పుడు ఆ చేతులు తల్చుకుంటే ఒళ్లు కంపరమెత్తింది.

"ఈ కీచు వినపడే చెవి ఏదీ సంతకం పెట్టదు అత్తయ్యా," అంది. "అందుకని వినపడని చెవిని వెతుక్కున్నారు. రేపు జనం తిట్టుకుంటే సంతకం ఎవరిదని చూస్తారు. నాది ఉంటుంది."

"అయితే వెళ్లకు," అన్నాడు భర్త. "ఒంట్లో బాలేదని చెప్పేద్దాం."

"వెళ్లకపోతే ఇంకో చెవిటిదాన్ని వెతుకుతారు." ఫోన్ అందుకుంది. ఆమె గొంతులో ఏడుపు తాలూకు తడి ఒక్క చుక్క కూడా మిగల్లేదు. మేనేజరు నంబరు నొక్కి, నలుగురికీ వినపడేలా స్పీకరులో పెట్టింది.

"చెప్పండమ్మా! ఆదివారం కూడా పనేనా?"

"రేపటి సంతకం గురించేనండీ. ఇంట్లో మళ్లీ ఒకసారి విన్నాను. అద్భుతంగా ఉంది. వినే గదిలో తెర సిద్ధం చేయించండి, పద్ధతి ప్రకారం విని పెట్టేస్తాను."

"ఇంకా వినడం ఎందుకండీ? కాగితాలు టేబుల్ మీదే పెట్టిస్తాను. మీ చెవుల మీద మాకు అంత నమ్మకం."

"మీ నమ్మకం నాకు తెలుసండీ. కానీ తెర లేకుండా నేనెప్పుడూ పెట్టలేదు కదా."

భర్త చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"మీ ఇష్టం," అన్నాడు మేనేజరు. "తెర కట్టిస్తాను. ఒక్కరే వస్తారుగా?"

ఆ ఆఖరి మాట ఆయన ఎందుకు అడిగాడో గదిలో ఎవరికీ తెలియలేదు. చెవులమ్మ ముందు చిట్టి వైపు చూసింది. పిల్ల రెండు చెవులూ జుట్టు కింద నుంచి బయటికి కనిపిస్తున్నాయి.

"ఒక్కదాన్నేనండీ," అని ఫోన్ పెట్టేసింది. తర్వాత కూతురి దగ్గరికి వెళ్లి, భుజాల మీద చేతులు వేసి, "చిట్టీ, రేపు బడికి సెలవు పెట్టు. నీ చెవులతో పనుంది," అంది.